పొగాకు బేలు, ధాన్యం పుట్టి, బిజినెస్ అవార్డు

సంక్రాంతి వెళ్లిన వారానికి ప్రకాశం జిల్లా కొండపి నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. పదేళ్లుగా ఓ దినపత్రికకు కంట్రిబ్యూటర్, అంటే జీతం లేని ఊరి విలేకరి. "అన్నా, బిజినెస్ జర్నలిజం అవార్డులకి ఎంట్రీలు అడుగుతుండారంట. డెస్కు వాళ్లు గ్రూపులో పెట్టారు. మనకేం పనిలే, షేర్లూ గీర్లూ మనం రాయం గదా" అన్నాడు. అనేసి వేరే సంగతి ఎత్తుకోబోయాడు.

"మరి పోయినేడు పొగాకు వేలం కేంద్రం మీద నాలుగు రోజులు వరసగా రాశావే, అదేంది?" అని అడిగాను.

"అది వ్యవసాయం గదన్నా."

ఆ మాట నాకు పట్టుకుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వార్తలు రాసేవాళ్లలో చాలామంది రోజూ రాసేది బిజినెస్సే. కాకపోతే దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. బిజినెస్ పేజీ హైదరాబాద్‌లో తయారవుతుంది. సెన్సెక్స్ ఎంత, బంగారం ఎంత, కొత్తగా వచ్చిన ఫోన్ ఏది, అదీ బిజినెస్. జిల్లా పేజీలో వచ్చేది పంట, గిట్టుబాటు, ధర్నా. అందుకే ఏటా అవార్డుల ప్రకటన రాగానే మనవాళ్లు పక్కకు తప్పుకుంటారు. తప్పుకోని ఒకరిద్దరు ఎంట్రీ తయారుచెయ్యడం దగ్గర దెబ్బతింటారు. డెస్కులో ఉన్న రోజుల్లోనూ, బయటికొచ్చాకా నేను కొన్ని ఎంట్రీలకు చెయ్యి వేశాను. నెగ్గినవి తక్కువ. ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా ఓడినవాటి నుంచి తెలిసిందే.

టంగుటూరులో వ్యవసాయం, ముంబైలో మార్కెట్

ఒక్కసారి వేలం కేంద్రంలోకి వెళ్లి చూడండి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, ఎక్కడైనా దృశ్యం ఒకటే. పొద్దున్నే బేళ్లు, అంటే పొగాకు కట్టలు, వరసలుగా పేర్చి ఉంటాయి. ప్రతి బేలు మీదా చీటీ, దాని మీద లాటు నంబరు, బరువు. కంపెనీల తరఫున కొనేవాళ్లు వరస వెంట నడుస్తూ ఆకు లాగి చూస్తారు, నలుపుతారు, వాసన చూస్తారు, చేతిలో ఉన్న చిన్న యంత్రంలో ధర నొక్కుతారు. రైతు రెండడుగుల దూరంలో నిలబడి వాళ్ల మొహాలు చూస్తుంటాడు. ఎవరూ నొక్కకపోతే ఆ బేలు "నో బిడ్". ఇంగ్లిష్ రాని రైతుకి కూడా ఈ రెండు ముక్కలు బాగా తెలుసు. బేలు మళ్లీ ట్రాక్టరెక్కి ఇంటికి పోతుంది. కిరాయి రైతుదే.

ఇందులో ఏముందో లెక్కేయండి. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు ఉంది. ఏ ఏడాది ఎంత పండించాలో అదే చెబుతుంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఉంది. అమ్మేవాళ్లు వేలల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత. ధర వెనక విదేశీ ఆర్డర్లు, డాలరు రేటు, బ్రెజిల్ పంట, జింబాబ్వే పంట. ముంబైలో కూర్చుని ఎవరైనా దీన్ని రాస్తే కమోడిటీ మార్కెట్ మీద కథనం అంటారు. టంగుటూరులో రాస్తే వ్యవసాయం అయిపోయింది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కూడా అంతే. నల్లటి రాయిలో నక్షత్రాల్లాంటి మెరుపులున్న ఆ రకం చీమకుర్తి ప్రాంతంలో తప్ప దొరకదు. క్వారీ లీజులు, రాయల్టీ, ఓడరేవుల నుంచి వెళ్లే కంటైనర్లు, ఇదంతా వ్యాపారం. పేపర్లో మాత్రం క్వారీ అంటే ప్రమాదం జరిగిన రోజు వార్త. నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల గురించి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి మొదటి చిక్కుముడి ఇదీ: మన దగ్గర ఉన్నది బిజినెస్ కథనమేనని మనకు మనం ఒప్పుకోవడం. నా మటుకు నాకు ఒక కొలత ఉంది. ఎవరి జేబులోంచి డబ్బు ఎవరి జేబులోకి, ఏ నియమం ప్రకారం లేదా ఏ నియమం తప్పి వెళ్లిందో కథనం చూపిస్తే అది బిజినెస్. పంట ఎండిందని రాస్తే వ్యవసాయం. ఎండిన పంటకు బీమా కంపెనీ ఏ లెక్కన పరిహారం ఎగ్గొట్టిందో రాస్తే బిజినెస్. 1992 ఏప్రిల్ 23న సుచేతా దలాల్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో రాసిన కథనం హర్షద్ మెహతా కుంభకోణాన్ని బయటపెట్టింది కాబట్టి దాన్ని అందరూ షేర్ల కథనంగానే గుర్తుపెట్టుకున్నారు. నిజానికి అది స్టేట్ బ్యాంకు లెక్కల్లో తేడా గురించి. లెక్కలో తేడాలు మన సహకార సొసైటీల్లోనూ ఉంటాయి.

ఏ తలుపు తట్టాలి

అవార్డులు రకరకాలు. అమెరికాలో జెరాల్డ్ లోబ్ అనే స్టాక్ బ్రోకరు 1957లో పెట్టిన లోబ్ అవార్డులు ఈ రంగంలో బాగా పాతవి. 1973 నుంచి యూసీఎల్ఏ ఆండర్సన్ మేనేజ్‌మెంట్ స్కూలు వాటిని నడుపుతోంది. చిన్న మదుపరికీ మామూలు జనానికీ పనికొచ్చే ఆర్థిక వార్తలు రావాలన్నది ఆయన ఉద్దేశం. అక్కడే బిజినెస్ ఎడిటర్లు, రచయితలు 1964లో పెట్టుకున్న సంఘం ఒకటుంది. సేబ్యూ అంటారు. అది 1995 నుంచి ఏటా పోటీ పెడుతోంది. మన దేశంలో 2006లో మొదలైన రామ్‌నాథ్ గోయెంకా అవార్డుల్లో బిజినెస్, ఆర్థిక జర్నలిజానికి ఒక విభాగం, ప్రాంతీయ భాషలకు వేరే విభాగం ఉన్నాయి. (1938లో మద్రాసులో ఆంధ్రప్రభ మొదలుపెట్టింది ఆ గోయెంకాయే. తెలుగు మీద ఆ పాటి ప్రేమ ఉండటం న్యాయమే.) ఇక పులిట్జర్‌లో బిజినెస్‌కు విడిగా విభాగమే లేదు. ఆర్థిక కథనాలు పరిశోధన, వివరణ లాంటి విభాగాల్లో మిగతావాటితో కలిసి పోటీపడాలి.

విభాగం ఎంపికే సగం ఆట. ఉదాహరణకి, 2025 ఆగస్టు 27న భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ రోజు నెల్లూరు నుంచి రొయ్య రైతుల గగ్గోలు రాస్తే అది తాజా వార్తల విభాగానికి. ఆ విభాగంలో ఢిల్లీ, ముంబై వాళ్లు పాతిక మందితో ఒక్క గంటలో పేజీలు నింపేసి ఉంటారు. మనం తూగం. అదే రిపోర్టరు, సుంకం ఓడరేవు దాకా రాకముందే ఇందుకూరుపేట గుంట గట్టు మీద ధర ఎందుకు కదిలింది, రొయ్యలు శుద్ధి చేసే ప్లాంటుకూ రైతుకూ మధ్య ఆ నష్టాన్ని ఎవరు మోశారు అని రాస్తే అది వివరణాత్మక విభాగానికి. అక్కడ ఢిల్లీ వాడి దగ్గర లేనిది మన దగ్గర ఉంది: గట్టు.

బిజినెస్‌లో వెయ్యాలా, ప్రాంతీయ భాషల్లో వెయ్యాలా అన్నది మరో తలనొప్పి. ప్రాంతీయ భాషల విభాగంలో అన్ని భాషలూ, అన్ని అంశాలూ ఒకే తట్టలో ఉంటాయి. మన పొగాకు కథనం పక్కన ఎక్కడో వరద కథనం, ఇంకెక్కడో కుల హింస కథనం ఉంటాయి. న్యాయనిర్ణేత మనసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. బిజినెస్ విభాగంలో ఆర్థిక దినపత్రికల వాళ్లతో పోటీ, కాని అందరూ డబ్బు గురించే రాస్తారు కాబట్టి కొలబద్ద ఒకటే. కథనానికి వెన్నెముక లెక్క అయితే బిజినెస్‌కే పంపమంటాను. వెన్నెముక మనిషి కథ అయితే భాషా విభాగం మేలు. నియమావళి ఒప్పుకుంటే రెండూ అడగొచ్చు. అన్ని పోటీలూ ఒప్పుకోవు, ముందే చదువుకోవాలి.

తేదీల తిరకాసు కూడా ఒకటుంది. ఈ పోటీల్లో ఎక్కువ భాగం జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా అచ్చయినవాటినే తీసుకుంటాయి. మన పంటలకు ఆ క్యాలెండర్‌తో పనిలేదు. ఎగుమతి లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చికి. నెల్లూరులో మొదటి పంట ఒక లెక్క, ఎడగారు అనే రెండో పంట ఇంకో లెక్క. నవంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించిన సీరీస్ రెండు సంవత్సరాల మధ్య నలిగిపోతుంది. ఆ కారణంగా పక్కకు పోయిన మంచి కథనం ఒకటి నాకు తెలుసు.

ఎవరి పేరు

ఇది కాస్త నొప్పి కలిగించే విషయం. అయినా చెప్పాలి.

మన పత్రికల్లో కథనం ఎట్టా పుడుతుంది? కంట్రిబ్యూటరు వేలం కేంద్రం దగ్గర నాలుగు రోజులు పడిగాపులు కాసి సమాచారం పంపుతాడు. ఒంగోలు బ్యూరోలో స్టాఫ్ రిపోర్టరు బోర్డు అధికారితో మాట్లాడి రెండు పేరాలు కలుపుతాడు. డెస్కులో సబ్ ఎడిటరు తిరగరాసి, శీర్షిక పెట్టి, బాక్సు కడతాడు. అచ్చయ్యాక పైన ఉండేది ఊరి పేరు, ఏజెన్సీ పేరు. బైలైన్, అంటే రాసినవాడి పేరు, ఉంటే స్టాఫరుది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద, బతికే కంట్రిబ్యూటరు పేరు ఎక్కడా ఉండదు. అవార్డు ఫారంలో మొదటి గడి మాత్రం: రచయిత పేరు.

బైలైన్ లేని కథనానికి, ఇది ఫలానా వారు రాసిందే అని ఎడిటరు లేఖ జతచెయ్యాలి. ఆ లేఖ సంపాదించడం కథనం సంపాదించినదానికంటే కష్టమైన సందర్భాలున్నాయి. కంట్రిబ్యూటరు అడిగితే బ్యూరో చీఫ్‌ను అడగమంటారు, ఆయన్నడిగితే హెచ్ఆర్‌ను అడగమంటారు. నేను చెప్పేది ఒకటే: బృందంగా పంపండి. సమాచారం తెచ్చినవాడి పేరు మొదట, కలిపినవాడిది తర్వాత, తీర్చిదిద్దినవాడిది ఆ తర్వాత. ఎవరేం చేశారో లేఖలో ఒక్కో వాక్యం. తీరా గెలిచాక గొడవపడటం కంటే ముందే తేల్చుకోవడం నయం. స్టాఫరు ఒక్కడే వేదికెక్కి, కంట్రిబ్యూటరు ఆ వార్తను వాట్సాప్‌లో చూసి తెలుసుకున్న సంఘటన నాకు తెలుసు. ఆ తర్వాత ఆ కంట్రిబ్యూటరు ఆ పత్రికకి మంచి వార్త ఒక్కటీ పంపలేదు. పంపే మామూలు వార్తలు మాత్రం టంచనుగా పంపేవాడు.

లెక్క ముందు నిలబడుతుందా

బిజినెస్ విభాగంలో న్యాయనిర్ణేతలు మొదట గిల్లేది అంకెల్నే. అక్కడ మనకు అలవాటైన ఓ జబ్బు బయటపడుతుంది: అధికారులిచ్చిన నోట్‌ను అట్టాగే అచ్చెయ్యడం.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ లెక్కలు చూడండి. 2022-23లో దేశం నుంచి 17,35,286 టన్నులు ఎగుమతైతే, 2023-24లో 17,81,602 టన్నులు. "ఎగుమతుల్లో ఆల్‌టైమ్ రికార్డు" అని శీర్షికలొచ్చాయి. అబద్ధం కాదు. కాని అదే నోట్‌లో విలువ చూస్తే 63,969 కోట్ల రూపాయల నుంచి 60,523 కోట్లకు పడింది. డాలర్లలో 809 కోట్ల నుంచి 738 కోట్లకు. ఎక్కువ సరుకు పంపి తక్కువ డబ్బు తెచ్చుకున్నాం. ఆ ఏడాది విడవలూరులోనో ముత్తుకూరులోనో గుంట వేసిన రైతును అడిగితే రికార్డు అనే మాట వినగానే నవ్వేవాడు. రొయ్య ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకి 100 రొయ్యలు తూగితే 100 కౌంట్, 30 తూగితే 30 కౌంట్. కౌంటు అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. గట్టు మీది కౌంటు ధరనూ, ఢిల్లీ రికార్డునూ ఒకే కథనంలో ఎదురెదురుగా కూర్చోబెట్టినవాడు అవార్డుకు పంపదగ్గ పని చేసినట్టు. అంకెలు రెండూ అందరికీ అందుబాటులో ఉన్నవే.

నెల్లూరు ధాన్యం కథ ఇంకా రుచిగా ఉంటుంది. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాకు చెబుతుంది. నెల్లూరు రైతు బేరం పుట్టికి ఆడతాడు. పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఏ గ్రేడ్ ధాన్యం క్వింటా 2,320 రూపాయలు, అంటే పుట్టి 19,720. ఇప్పుడు అసలు ప్రశ్న: మిల్లు దగ్గర కాటా మీద పుట్టి ఎన్ని కిలోలు? తేమ 17 శాతం దాటిందని తరుగు పేరుతో పుట్టికి అదనంగా తూయించుకుంటారన్నది రైతులు ఏటా చెప్పే మాటే. ఊరికే ఉదాహరణకి, పుట్టికి 50 కిలోలు అదనంగా పోయాయనుకోండి, ఆ ధర ప్రకారం 1,160 రూపాయలు పోయినట్టు. రసీదులో మాత్రం మద్దతు ధర పక్కాగా దక్కినట్టే ఉంటుంది. "మద్దతు ధర దక్కడం లేదు" అని రాస్తే అది ఆరోపణ. పది మంది రైతుల కాటా చీటీలు, పది రసీదులు, తేమ కొలిచిన అంకె, మిల్లర్ల వివరణ పక్కపక్కన పెడితే అది రుజువు.

సగటు ధర అనే మాటతోనూ జాగ్రత్త. వేలంలో సీజను సగటు కిలోకి ఇంత అని ప్రకటిస్తారు. మేలు రకం ఆకు బాగా పలికి, అడుగు ఆకు నో బిడ్ అయితే, నో బిడ్ అయిన బేళ్లు సగటులోకి రానే రావు. ఇంటికి పోయిన బేలుకు ధర లేదు కదా! తమ్ముడి సీరీస్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. అతను సగటును పక్కన పెట్టి, కేంద్రంలోకి ఎన్ని బేళ్లు వచ్చాయి, ఎన్ని వెనక్కి పోయాయి, పోయిన బేలు మళ్లీ ఎన్నిసార్లు వచ్చింది అని రోజూ రాసుకున్నాడు. చేతి డైరీలో, బాల్‌పెన్నుతో. ఆ డైరీ పేజీల ఫొటోలు ఎంట్రీతో జతచేయించాను.

ఇంకో గుంత: జిల్లా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చీరాల, పర్చూరు, అద్దంకి ప్రకాశం నుంచి బాపట్లకు పోయాయి. కందుకూరు నెల్లూరులో కలిసింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ తర్వాత కూడా హద్దులు కదిలాయి. 2021 ప్రకాశాన్నీ 2023 ప్రకాశాన్నీ పక్కన పెట్టి "సాగు సగానికి పడిపోయింది" అని రాస్తే, పడింది సాగు కాదు, జిల్లా. మండలాల లెక్క తీసుకుంటే ఈ తిప్పలుండవు.

లేఖ

ఎంట్రీలో కథనం తర్వాత ఎక్కువ పని చేసేది దానితో పెట్టే లేఖ. న్యాయనిర్ణేతకు పొగాకు తెలియదు, కొండపి తెలియదు. ఆయన ముందు వందల ఎంట్రీలుంటాయి. లేఖ మొదటి పేరా చదివాక కథనం చదవాలనిపించాలి. మనవాళ్లు రాసే లేఖలు ఎట్టా ఉంటాయంటే, "సమాజ హితమే ధ్యేయంగా, అన్నదాతల కన్నీటిని అక్షరాలుగా మలిచి..." ఇది సన్మాన పత్రం భాష. తీసేయండి.

ఏం దొరికింది, ఎట్టా దొరికింది, ఎవరు అడ్డం వచ్చారు, అచ్చయ్యాక ఏమైంది. ఈ నాలుగింటికీ జవాబులుంటే చాలు. తమ్ముడి లేఖ మొదటి వాక్యం ఆరుసార్లు మార్చాం. చివరికి మిగిలింది: "ప్రకటించే సగటు ధరలో, అమ్ముడుపోని పొగాకు లెక్కకే రాదు; ఒక కేంద్రంలో ఆ లెక్కరాని బేళ్లను సీజనంతా లెక్కపెట్టాం." అంతే.

"ఏమైంది" దగ్గర మనం అతి చేస్తాం. వార్త అచ్చయిన మూడోనాడు రోడ్డు గుంతలో తట్టెడు మట్టి పోస్తే "మా కథనానికి స్పందన" అని బాక్సు కట్టడం మనకు రక్తంలో ఉంది. పోటీలో అది ఎదురు తిరుగుతుంది. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవాళ్లు లేక రైతులు రోడ్డెక్కితే, ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. బర్లీకి బోర్డు వేలం లేదు కాబట్టి వేరే దారి లేకపోయింది. ఆ నిర్ణయం మా కథనం వల్లే అని ఎంత మంది అనుకుని ఉంటారో! రైతు సంఘాలు, పార్టీలు, అన్ని పత్రికలూ, టీవీలూ అప్పుడు అదే మాట్లాడుతున్నాయి. "మా కథనం ఫలానా తేదీన వచ్చింది, ఫలానా తేదీన ప్రభుత్వం ఇది ప్రకటించింది, ఈలోపు ఇంకా చాలామంది రాశారు" అని తేదీలు చెప్పి ఊరుకోవడం మంచిది. కథనంలోని మాటను అధికారిక ఉత్తర్వులోనో, సభలో ప్రశ్నలోనో ఎవరైనా వాడితే ఆ కాగితం జతచెయ్యండి. ఏమీ మారకపోతే మారలేదని రాయండి. తప్పేం లేదు.

కథనం మీద అభ్యంతరం వచ్చిందా, సవరణ వేశారా, లీగల్ నోటీసు అందిందా అన్నది దాచకూడదు. పులిట్జర్ లాంటి చోట్ల కథనం నిజానిజాల మీద వచ్చిన గట్టి అభ్యంతరాలు చెప్పి తీరాలి. మనమే చెప్పి, జవాబూ మనమే ఇస్తే ధైర్యంగా కనబడుతుంది. తర్వాత వాళ్లకు ఇంకెవరో చెబితే ఎంట్రీ పని అయిపోయినట్టే.

పుట్టి పుట్టాక ఏమైంది

అనువాదం అడిగే పోటీలకు తెలుగు కథనంతో పాటు ఇంగ్లిష్ పాఠం పెట్టాలి. నెల్లూరు మిత్రుడొకడు ధాన్యం కథనాన్ని తొందరలో మిషన్ అనువాదానికి అప్పజెప్పాడు. అది "పుట్టి 19,720 రూపాయలు" అన్నదాన్ని "జన్మించి 19,720 రూపాయలు" అని చేసింది. "తరుగు తీస్తున్నారు" అంటే మిల్లులో ఎవరో కూరగాయలు కోస్తున్నారనుకుంది. ఎడగారు సంగతి సరేసరి. పంపే ముందు రోజు రాత్రి ఫోన్లో చదివి వినిపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మనిషి చేతనే చేయించండి. పుట్టి, కౌంట్, నో బిడ్ లాంటి మాటల్ని మార్చకుండా ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో అర్థం చెప్పించండి. అంతకంటే ముఖ్యం, అనువాదంలో కథనాన్ని బాగుచెయ్యకూడదు. అచ్చులో లేని అధికారి వివరణ అనువాదంలో ప్రత్యక్షమైతే అది మోసం. తెలుగు చదవగలిగిన ఒక్క న్యాయనిర్ణేత ఉన్నా దొరికిపోతాం.

రుజువు కాగితాల విషయంలో నా సొంత దెబ్బ ఒకటి చెబుతాను. డెస్కులో ఉండగా మేం చేసిన ఓ సీరీస్ పంపాలనుకున్నాం. జిల్లా పేజీ ఈ-పేపర్ లింకులు దగ్గర పెట్టుకుని ధీమాగా కూర్చున్నాం. గడువుకు మూడు రోజుల ముందు తెరిస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. పాత జిల్లా పేజీలు సర్వర్లోంచి తీసేశారు. ఆఫీసులో పాత కాపీలు కట్టలు కట్టి ఎప్పుడో అమ్మేశారు. చివరికి ఓ టీ కొట్టులో, గోడకు అంటించిన పేపరు ముక్క మా మొదటి భాగం. తేదీ ఉన్న పైభాగం చినిగిపోయి ఉంది. ఎంట్రీ పంపలేదు. అప్పటి నుంచి, అచ్చయిన రోజే పేజీ మొత్తం, పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనబడేలా పీడీఎఫ్ దాచుకోమని అందరికీ చెబుతుంటాను. క్లిప్పింగు చాలదు.

ఎవరిస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు

ఇక "మీరు ఎంపికయ్యారు" అని మనం దరఖాస్తు పెట్టకుండానే ఫోన్లొచ్చే అవార్డులున్నాయి. షీల్డుకు ఇంత, శాలువాకు ఇంత, సభలో ఫొటోకు ఇంత. నెల్లూరు పురమందిరంలోనూ అట్టాంటి సభలు చూశాం, పేరు గుర్తులేదు, గుర్తుండే పేరూ కాదు. పోటీకి ఎంట్రీ ఫీజు ఉండటం తప్పు కాదు, పేరున్న పోటీల్లోనూ కొన్నింటికి ఉంటుంది. నియమావళి, విభాగాలు, న్యాయనిర్ణేతల పేర్లు బయటపెడతారా, ఓడిపోయే అవకాశం ఉందా అన్నది చూడాలి. అందరూ గెలిచేది పోటీ కాదు.

డబ్బు పెట్టేదెవరో కూడా చూసుకోవాలి. పొగాకు మీద రాసేవాడు పొగాకు కంపెనీ స్పాన్సర్ చేసిన బహుమతి తీసుకుంటే, వచ్చే సీజన్లో అతని వార్తను రైతు ఏ కళ్లతో చదువుతాడు? కంపెనీల గురించి రాసేవాళ్లు వాటి నుంచి బహుమతులు, రాయితీలు, ప్రయాణాలు తీసుకోకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో ఆర్థిక విలేకరులకు విడిగానే చెప్పారు. అమెరికాలో వాల్‌స్ట్రీట్ జర్నల్ కాలమిస్టు ఫాస్టర్ వైనాన్స్, రేపు కాలమ్‌లో ఏ కంపెనీ గురించి రాయబోతున్నాడో బ్రోకరుకు ముందే చెప్పి 1985లో శిక్ష పడ్డాడు. 1987లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మనకు అంత సీన్ లేదనుకుంటాం. కాని లైన్ అకౌంట్‌తో ఇల్లు గడవదు కాబట్టి మన కంట్రిబ్యూటర్లలో ఒకడికి పురుగుమందుల కొట్టు, ఒకడికి రొయ్యల గుంట, ఒకడికి ప్లాట్ల కమీషను. రాసేది వాటి గురించే అయినప్పుడు చెప్పాలి. అసలు కథనంలోనే చెప్పాలి. కనీసం ఫారంలోనైనా.

ఇక్కడే తమ్ముడు ఆగిపోయాడు. గడువు చివరి రాత్రి. పొదిలిలో చుట్టాలింటి వైఫై మీద ఫైళ్లు ఎక్కిస్తున్నాడు. ఒక ఫైలు సైజు ఎక్కువైందని రెండుసార్లు తిప్పికొట్టింది, స్కాన్ తగ్గించి మళ్లీ పెట్టాడు. అన్నీ అయ్యాక ఒక గడి ఖాళీగా ఉంది: ఈ అంశంతో మీకు గాని, కుటుంబానికి గాని ఆర్థిక సంబంధం ఉందా?

"అన్నా, మా నాయన పేరు మీద బ్యారన్ ఉంది గదా. రాస్తే తీసేస్తారేమో" అన్నాడు.

"పేపర్లో రాశావా?"

"ల్యా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. లైన్లో కీబోర్డు చప్పుడు వినిపించింది. రాసింది చదివి వినిపించాడు: "మా నాన్న పేరు మీద కొండపి కేంద్రం పరిధిలో ఒక బ్యారన్ లైసెన్సు ఉంది. ఈ సంగతి కథనాల్లో చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. మేం లెక్కపెట్టిన నో బిడ్ బేళ్లలో మావి మూడు ఉన్నాయి."

"మూడా? నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"నువ్వు అడగలేదు గదన్నా" అని, సబ్‌మిట్ నొక్కాడు. అప్పటికి 11 గంటల 40 నిమిషాలు.